మూడో చిటికెడు

పోయిన వారం మీరు మమ్మల్ని వదిలి వెళ్లేసరికి నేను అందరి ముందూ నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను. వారం రోజులుగా అలాగే నిలబెట్టేశారు. కాళ్లు పీకుతున్నాయి, ఇక చెప్పేస్తాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. మేము పనిచేసేది కొండ కింద, ఎప్పుడో మూసేసిన గని అడుగున. అక్కడ ఇల్లంత తొట్టి ఒకటి, దాని నిండా ద్రవ ఆర్గాన్, వేలు పెడితే వేలు పోయేంత చల్లగా. మన కంటికి ఆనే పదార్థం కన్నా ఆననిదే ఈ లోకంలో ఎక్కువ ఉందనీ, నక్షత్రాల గుంపుల్ని చెదిరిపోకుండా పట్టుకున్నది అదేననీ అంటారు. కృష్ణపదార్థం అని దానికి పుస్తకాల్లో పేరు. మా అత్తయ్య, అంటే మా ఆయన వాళ్లమ్మ, పెట్టిన పేరు 'చుట్టం'. కొండలూ గోడలూ దూరి వచ్చే ఆ చుట్టం, తొట్టిలో ఒక్క ఆర్గాన్ పరమాణువుకి తగిలితే చాలు, చిన్న మెరుపు మెరుస్తుంది. మామూలు రేడియోధార్మికత మెరుపులు సాగి సాగి ఆరుతాయి. చుట్టం తగిలిన మెరుపు చప్పున వెలిగి చప్పున ఆరాలి. దానికోసమే మా పడిగాపులు.

ఇక ఉప్పు సంగతి. ఆశ పాడుది. చూడాలనుకున్నదాన్నే కళ్లకి చూపిస్తుంది. అనుమానం దానికన్నా పాడుది, కళ్ల ముందున్నదాన్ని చెత్తలో పారేయిస్తుంది. అందుకని జట్టులో ఒకరు, ఎవరికీ చెప్పకుండా, కొన్ని దొంగమెరుపులు అసలువాటిలో కలిపేస్తారు. దాన్ని మేము 'ఉప్పు వెయ్యడం' అంటాం. తొట్టిలో ఎక్కడ మెరవాలన్నది వేసినవాళ్ల ఇష్టం. ఎప్పుడు మెరవాలన్నది మాత్రం యంత్రం చీటీ తీస్తుంది. రేపే కావచ్చు, రెండేళ్లకి కావచ్చు. జల్లెడ పట్టడం పూర్తయి, ఇక ఏమీ మార్చం అని అందరూ ఒప్పుకున్నాకే ఉప్పు ఎక్కడుందో చెప్పాలి. అంతదాకా నోటికి తాళం, ఎక్కడా రాసిపెట్టడం కూడా ఉండదు. ఆ ఉప్పుచెయ్యి నిరుడు దాకా మా మామయ్యది. మతిమరుపు మొదలై ఆయన పని మానుకున్నాక నాకు అప్పగించారు.

ఏ మెరుపు ఉంచాలో ఏది పారేయాలో తేల్చే ఆ జల్లెడ అత్తయ్యది. ప్రయోగానికి పెద్ద ఆవిడే. తొట్టి మెడ దగ్గర వచ్చే మెరుపులంటే ఆవిడకి గిట్టదు. అక్కడ వెలుగు సగం దాక్కుని, సగం కనపడి, చుట్టం వేషం వేసి మోసం చేస్తుంది. మెడ దగ్గరివన్నీ కట్టగట్టి చెత్తబుట్టలో వేయిస్తారు. "తవుడుతో పాటు బియ్యం పారబోస్తున్నావే" అని మామయ్య ఏళ్లతరబడి పోట్లాడారు, ఆవిడ వింటేనా! అలా పట్టిన జల్లెడలో చివరికి మూడంటే మూడు మెరుపులు మిగిలాయి. ఈ నెలాఖరుకి అత్తయ్య పదవీ విరమణ. జీవితమంతా ఎదురుచూసిన చుట్టం ఆ మూడింట్లో ఉన్నాడో లేడో తేలాలి. "ఇక జల్లెడ మార్చను. ఉప్పు తియ్యి" అన్నారు. నేను లేచాను. అక్కడ కదా మీరు వెళ్లిపోయారు.

"రెండు నావి" అన్నాను. "తూర్పు గోడ వైపుది ఒకటి, పడమర గోడ వైపుది ఒకటి."

గది నిట్టూర్చింది. నిజం, అంతమంది ఒకేసారి ఊపిరి వదిలితే అలాగే వినపడుతుంది.

"మరి మూడోదో?" అన్నాడు గడ్డం. గడ్డం అంటే మా శీతలయంత్రాల ఇంజనీరు. తొట్టి దగ్గరికి వెంట్రుక కూడా రాకూడదని గడ్డం తీయించి ఏళ్లయింది, పేరు మాత్రం తీయించలేకపోయాం.

"నడిమధ్య, కొంచెం కిందకి ఉన్నది... నాది కాదు."

అంతే! కుర్చీలు వెనక్కి పడ్డాయి. ఒకరు ఈల వేశారు, ఇద్దరు కావలించుకున్నారు. గడ్డం ఎగిరి గంతేసి అల్మరాకి గుద్దుకున్నాడు. దానిమీద మామయ్య టీకప్పు ఉంటుంది, ఆయన వెళ్లిననాడు ఎలా బోర్లించి పెట్టారో అలాగే. అభిమానం కొద్దీ ఎవరూ దాన్ని వాడరు, కదపరు, దుమ్ము మాత్రం వంతులవారీగా తుడుస్తారు. పడబోతున్న కప్పుని గడ్డం అమాంతం పట్టుకుని, కళ్లకద్దుకున్నంత పని చేసి, మళ్లీ బోర్లించి పెట్టాడు.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. "న్యూట్రాన్ కాదు కదా? తొట్టి చుట్టూ ఉన్న నీళ్లలో అలికిడేమైనా ఉందా చూడండి" అన్నారు. చూశారు. న్యూట్రాన్ తగిలినా అచ్చం చుట్టంలాగే మెరుస్తుంది, కాకపోతే వచ్చే దారిలో నీళ్లలో జాడ వదులుతుంది. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. "అయితే అందరూ కాసేపు బయటికెళ్లండి. అమ్మాయ్, నువ్వుండు."

గనిలో నేను అమ్మాయిని కాను. మాకో ఒప్పందం ఉంది. కిందకి దిగే లిఫ్టు తలుపు మూసుకుందంటే ఆవిడ మేడమ్, నేను డాక్టరు. పైకి వచ్చాక ఆవిడ అత్తయ్య, నేను అమ్మాయి. ఇన్నేళ్లలో ఆ గీత ఆవిడ దాటలేదు.

తలుపు మూసుకుంది. ఆవిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా, మోకాళ్లకి మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

"నా కళ్లలోకి చూసి చెప్పు. ఎన్ని వేశావు?"

"రెండే, మేడమ్."

"మేడమ్ ఏమిటి నీ మొహం! అత్తయ్యని అడుగుతున్నాను. మూడు వేసి రెండని చెప్పావా?"

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది.

"అంటే?"

"అంటే ఏముంది. నెలాఖరుకి ఇంటికి పోతున్న ముసల్ది, పోనీలే పాపం, ఓ చుట్టాన్ని చూసుకుని మురిసిపోనీ అని... ఒకటి నాకు వదిలేశావా?"

"అత్తయ్యా!"

"అరవకు. రెండు నెలలుగా చూస్తున్నాను నిన్ను. తేలుకుట్టిన దొంగలా తిరుగుతున్నావు. భోజనం దగ్గర తలెత్తవు. నేను వంటింట్లోకొస్తే నువ్వు పెరట్లోకి పోతావు. నా మీద కోపమేమో అనుకున్నాను. వాణ్ణి కూడా అడిగాను, 'ఏరా, మీ ఇద్దరికీ ఏమైనా తగువా' అని."

వాడంటే మా ఆయన. పళ్ల డాక్టరు. నోట్లో నువ్వుగింజ నానదని మేము ఆయనకి ఏదీ చెప్పం, పాపం.

అత్త మీద కోపం దుత్త మీద చూపించాలంటే అక్కడ దుత్త కూడా లేదు. బల్ల మీదున్న హెల్మెట్‌ని ఒక్క తోపు తోశాను. అది కింద పడి బొంగరంలా తిరిగింది.

"తలెలా ఎత్తమంటారు? మొదటి మెరుపు దొరికిన రోజు మీరు వంటింట్లో పాట పాడారు, గుర్తుందా? నా పెళ్లయ్యాక మీరు పాడగా వినడం అదే మొదలు. ఆ మెరుపు నా ఉప్పు. నాకు తెలుసు. మీరు పాడుతున్నారు, నేను పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాను. చెప్పకూడదు, చెప్పకుండా ఉండలేను. తరిగి తరిగి ఏడ్చాను. ఉల్లిపాయల వల్ల కాదు ఆ ఏడుపు."

హెల్మెట్ తిరగడం ఆగింది. అత్తయ్య వంగి దాన్ని తీసి బల్ల మీద పెట్టారు.

"వంద మందికి వండుతోందా ఏమిటి, ఇన్ని ఉల్లిపాయలు తరుగుతోందీ పిల్ల, అనుకున్నాను" అన్నారు. తన తెల్లకోటు చెయ్యి లాగి నా ముక్కు తుడిచారు, చిన్నపిల్లకి తుడిచినట్టు. "వెర్రిమొహమా. నన్ను చూసి నువ్వు బాధపడ్డావన్నమాట. నేనేమో నిన్ను దొంగని చేశాను."

"చేశారు."

"చేశాను. తిట్టు."

"ఇంటికెళ్లాక తిడతాను. ఇక్కడ మీరు మేడమ్."

అప్పుడు నవ్వారు. నవ్వుతూనే కళ్లు నీళ్లయిపోయాయి. "ఒక్కటి కనపడితే దొరికినట్టు కాదే. తలుపు చప్పుడైనట్టు, అంతే. తీసి చూస్తే గాలి కావచ్చు" అన్నారు. మళ్లీ తనే, సిగ్గుపడుతున్నట్టు, "ఏదీ, ఇంకొక్కసారి చెప్పు" అన్నారు.

"మూడోది నాది కాదు, అత్తయ్యా."

లిఫ్టులో పైకి వస్తున్నంతసేపూ ఆవిడ హెల్మెట్ పట్టీ సర్దుకుంటూ కూనిరాగం తీశారు. ఈసారి నేను తల దించుకోలేదు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. మామయ్య వంటింట్లో ఉన్నారు. ఆయనకి ఏ రోజు ఏ వారమో తెలియదు. ఎదురింటాయన్ని పొద్దున్నే పలకరించి, మధ్యాహ్నం 'ఎవరీయన?' అంటారు. కానీ చేతికి వచ్చిన పని చేతిని వదల్లేదు. బంగాళాదుంపలు ఇప్పటికీ ఒకే మందంలో తరుగుతారు, మా ఆయన పళ్లు కొలిచినంత శ్రద్ధగా.

మా వంటింటికి ఒక చట్టం ఉంది. అత్తయ్యా మామయ్యా కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఇద్దరూ వండేవారట. ఒకరు వేశారో లేదో తెలియక ఇంకొకరూ ఉప్పు వేసి, కూరలకి కూరలు పారబోసేవారట. అప్పుడు మామయ్య పెట్టిన చట్టం: ఉప్పు వేసినవాళ్లు ఉప్పుడబ్బా మూత బోర్లించి పెట్టాలి. మూత బోర్లా ఉందా, ఇక ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అందరూ తిని లేచాక మూత మళ్లీ సరిగ్గా పెట్టాలి. నేను కాపురానికొచ్చిన రోజు ఈ ఇంట్లో నాకు చెప్పిన మొదటి మాట అదే. కొత్తకోడలికి చెప్పే మాటేనా అని అప్పుడు నవ్వుకున్నాను కూడా.

నలుగురం కూర్చున్నాం. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక, కళ్లు తేలేశాడు.

"అమ్మా! ఇది కూరా, సముద్రమా?"

మామయ్య చిన్నబుచ్చుకున్నారు. "నేను సరిగ్గానే వేశానురా. మూత కూడా బోర్లించాను."

"నేనూ వేశాను" అన్నారు అత్తయ్య నెమ్మదిగా. "మూత చూడలేదు. ఏదో ధ్యాసలో ఉన్నాను."

"నువ్వా? చూడకుండానా?" మామయ్యకి ఎక్కడలేని హుషారొచ్చింది. "ఇన్నేళ్లూ నన్నంటావుగా! రాసిపెట్టుకోరా అబ్బాయ్, ఈరోజు మతిమరుపు మీ అమ్మది."

అందరం నవ్వాం. అత్తయ్య అందరికన్నా ఎక్కువ నవ్వారు. కూర గిన్నె తీసుకుని లేచారు. మళ్లీ అదే కూనిరాగం. నేను నవ్వుతూ నవ్వుతూ పొయ్యి పక్కన గట్టు మీదకి చూశాను. ఉప్పుడబ్బా. దానిమీద బోర్లించిన మూత.

చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేశాను.

గనిలో, అల్మరా మీద, బోర్లించిన కప్పు.

మామయ్య వెళ్లిననాడు కేకు కోశాం, ఫొటోలు దిగాం, గడ్డం భోరుమన్నాడు. ఆయన ఉప్పు వేసే యంత్రం తాళం నా చేతిలో పెట్టారు. పాత ఉప్పు ఏమైనా మిగిలిందా అని నేను అడగలేదు, మామగారిని ఆరా తీసే కోడలు ఎక్కడైనా ఉంటుందా? చెప్పారేమో అని అత్తయ్య ఊరుకున్నారు, అడిగిందేమో అని తక్కినవాళ్లు ఊరుకున్నారు. ఆయన మాత్రం ఎప్పటిలాగే చెప్పి వెళ్లారు. కప్పు బోర్లించి వెళ్లారు. జ్ఞాపకమనుకుని దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నది మేము.

ఉప్పు వేసి వెళ్లారు మామయ్య. ఆ చీటీ యంత్రం ఇప్పుడు తీసింది. మూడో మెరుపు చుట్టం కాదు.

చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. ఆ కప్పుకి అర్థం ఈ భూప్రపంచంలో ఈ వంటింట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. అత్తయ్య గిన్నె కడుగుతున్నారు, పాటలో చరణం దాకా వచ్చారు. ఇందాక నన్ను ఏమని నిలదీశారో అదే పని ఇప్పుడు నిజంగా చెయ్యాలనిపించింది. ఒట్టేసి చెబుతున్నాను, ప్రాణం పీకినట్టనిపించింది.

"అత్తయ్యా" అన్నాను. "మామయ్య కప్పు."

"ఏ కప్పు?"

"కింద. అల్మరా మీదది. బోర్లించి ఉంటుంది కదా."

"ఉంటే?" అంటూ ఇటు తిరిగారు. నేను ఇంకేమీ అనలేదు. ఉప్పుడబ్బా వైపు చూశానంతే. ఆవిడా చూశారు. పాట ఆగిపోయింది. కొళాయి మాత్రం పారుతూనే ఉంది. లేచి వెళ్లి నేనే కట్టేశాను.

అత్తయ్య చేతులు చీర చెంగుకి తుడుచుకుని వచ్చి మామయ్య పక్కన కూర్చున్నారు. కంగారు పెడితే ఆయనకి ఉన్నదీ పోతుంది. అందుకని ఆయన అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని, మామూలు మాటలా అడిగారు.

"ఏమండీ, మీరు ఉప్పు వేశారా?"

"చెప్పాను కదే, మూత—"

"కూరలో కాదండీ. తొట్టిలో. పని మానేసి వచ్చే ముందు."

మామయ్య ఆవిడ మొహంలోకి చూశారు. కిటికీలోకి చూశారు. మళ్లీ ఆవిడ మొహంలోకి. ఆయన వెతుక్కుంటుంటే మాకు ఊపిరాడదు. ఒక్కోసారి దొరుకుతుంది. ఒక్కోసారి ఏమి వెతుకుతున్నారో కూడా మర్చిపోతారు.

"వేశాను" అన్నారు. "ఒకే ఒక్క చిటికెడు. కప్పు బోర్లించానుగా!"

మా ఆయన ఏదో అడగబోతే కాలు తొక్కాను.

అత్తయ్య కళ్లు మూసుకున్నారు. ఆ ఒక్క క్షణంలో ఆవిడ ఎంత ముసలివారైపోయారో నేను చూశాను, చూడకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. తర్వాత కళ్లు తెరిచి, ఆయన చేతిని వదలకుండా, పకపకా నవ్వారు.

"బాగుంది నా రాత! చుట్టం వచ్చాడని సంబరపడితే తలుపు తీసేసరికి మొగుడు!"

"మొగుడైతే లోపలికి రానివ్వవా?" అన్నారు మామయ్య.

"రండి, మీరే రండి. ఇంకెవరూ రాకపోయినా ఫరవాలేదు." నా వైపు తిరిగారు. "రేపు అందరికీ నేనే చెబుతానులే అమ్మాయ్. నువ్వు నిలబడి చెప్పక్కర్లేదు. ఒక్కసారి నిలబడ్డావు, చాలు."

నేను వెళ్లి ఆవిడ భుజం మీద తల పెట్టాను. ఆవిడ నా చెంప తట్టారు. మామయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు, ఎందుకు ఏడుస్తున్నారో అర్థంకాక.

"ఇంతకీ దొరికిందన్నమాట నా చిటికెడు" అన్నారు. "భేష్! ఎలా పట్టుకున్నావే?"

"అందరిలాగే. జల్లెడలో మిగిలింది. నడిమధ్య, కొంచెం కిందకి."

మామయ్య మొహంలో నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది. చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"కిందకా? కింద నేనెందుకు వేస్తానే?"

"గుర్తు లేదేమోలెండి..."

"నాకు మొన్నటిది గుర్తుండదు, నీతో పోట్లాట గుర్తుండదా!" ఆయన లేచి ఉప్పుడబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. మూత తీశారు. రెండు వేళ్లతో చిటికెడు తీసి, డబ్బా మధ్యలో కాదు, పైన అంచు మీద జాగ్రత్తగా పెట్టారు. "ఇదిగో, ఇక్కడ. తొట్టి మెడ దగ్గర. ఎన్నేళ్లు చెప్పాను, తవుడుతో బియ్యం పారబోస్తున్నావని? విన్నావా? అందుకే వెళ్తూ వెళ్తూ నీకో పరీక్ష పెట్టాను. నాది నీ జల్లెడలో ఎందుకు మిగులుతుంది? నీ చెత్తబుట్టలో ఉంటుంది."

డబ్బా అంచు మీద ఆ నాలుగు రవ్వలు తెల్లగా ఉన్నాయి.

ఆయనకి గుర్తున్నది నిజమైతే మూడోది నాదీ కాదు, ఆయనదీ కాదు. గుర్తు తప్పితే మూడోది ఆయన చిటికెడే. తేలాలంటే ఒక్కటే దారి, ఆ చెత్తబుట్ట.

"చెత్తలో వేలకి వేలు ఉన్నాయండీ" అన్నారు అత్తయ్య. "అందులో మీదేదో నాకెలా తెలుస్తుంది?"

మామయ్య ఆవిడ వైపు చూశారు. పెళ్లిచూపుల్లో కూడా అంత కొంటెగా చూసి ఉండరు.

"తెలుస్తుంది. ఇంకెవరికీ తెలియదు, నీకు మాత్రం చూడగానే తెలుస్తుంది."

అత్తయ్య అప్పటికే గుమ్మంలో ఉన్నారు. ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు.

"అమ్మాయ్" అన్నారు, వెనక్కి తిరగకుండానే. "హెల్మెట్లు పట్రా. ఆయన్ని కూడా తీసుకురా."